అమ్మ జవదాటిన మాట

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
ఫిబ్రవరి 3, 2025

చెల్లెలు హెప్సీబాకు, వందనాలు.

అమ్మను సమాధి చేసి ఇవాళ్టికి పదహారు రోజులు. నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబర్ తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను. ఫోన్‌లో మనిద్దరం వాతావరణం దాటి ముందుకు పోలేం. నేను యాన్ ఆర్బర్‌లో చదువుకునేటప్పుడు అమ్మ నీ చేత నాకు తెలుగులో ఉత్తరాలు రాయించేది. తప్పులు కూడా దిద్దకుండా కవరులో పెట్టి పంపేది. అది గుర్తొచ్చి కాగితం తీశాను.

ఆ శనివారం కార్యక్రమం సక్రమంగానే జరిగింది. మంచు పడుతున్నా నూట ఇరవై మంది దాకా వచ్చారు. పాస్టర్ లిండా బాగా మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాత్రం గుర్తులేదు. తర్వాత కింద హాల్లో స్త్రీల సమాజం వాళ్లు భోజనాలు పెట్టారు. హామ్, చీజు వేసిన బంగాళాదుంపలు, మూడు రంగుల జెల్లీ. నలభై ఎనిమిదేళ్లు ఆ బల్ల మీద అమ్మ పులిహోర ఉండేది. ఆ రోజు లేదు. చేయాలని నాకు తట్టనే లేదు. ఎవరో పెద్దావిడ ప్లేటు పట్టుకుని, “యెల్లో రైస్ ఎక్కడ?” అని అడిగి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మను చివరి రోజుల్లో చూసుకున్న హాస్పిస్ వాళ్లు వచ్చి మంచం విప్పి పట్టుకెళ్లారు. కార్పెట్ మీద నాలుగు గుంటలు మిగిలాయి. రోజూ వ్యాక్యూమ్ చేస్తున్నాను. పోవడం లేదు. మిగతా పనులు కాగితాలే. డెత్ సర్టిఫికెట్లు పది కాపీలు తెచ్చాను. అన్ని ఎందుకో తెలియదు, పది తీసుకోమన్నారు.

నువ్వు రాలేదు. ఫ్లైట్స్ క్యాన్సిల్ అయ్యాయని మెసేజ్ పెట్టావు. సరే.

ఆ రోజు పంచిన జీవిత వివరణ కాగితం ఇందులో పెట్టాను. నేనే రాశాను. సంఘం వెబ్‌సైట్‌లో కూడా ఉంది. నవంబర్‌లో పరిశుద్ధుల ఆదివారం నాడు ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదివి, గంట కొట్టి, ఇంటివాళ్లతో నాలుగు మాటలు చెప్పిస్తారు కదా. దానికోసం అమ్మ గురించి ఇంకొంచెం వివరంగా రాయమంది పాస్టర్ లిండా. నీకు గుర్తున్నవి రాసి పంపు. నీ దగ్గర ఎక్కువ ఉండవనుకో. ఉన్నవే పంపు.

దయామణి


క్యారీ, నార్త్ కరోలినా
ఫిబ్రవరి 22, 2025

అక్కకు,

ఉత్తరం, కాగితం రెండూ అందాయి. నా తెలుగు రాత ఆరేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది, ఏమీ అనుకోకు.

గుర్తున్నవి రాస్తున్నాను.

కిచెన్ కౌంటర్ మీద చపాతీ పిండి చల్లి, నా వేలు పట్టుకుని అమ్మ అక్షరాలు దిద్దించేది. “ళ” రాసినప్పుడల్లా నేను నవ్వేదాన్ని. చపాతీలు ఆలస్యమయ్యేవి, నాన్న ఏమీ అనేవాడు కాదు.

రోజూ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి నీలం కాఫీ డబ్బాలో పోసేది. వికారాబాద్‌లో వాళ్లమ్మ దేవుని భాగం తీసినట్టే. శనివారం ఆ డబ్బా చర్చి ఫుడ్ ప్యాంట్రీకి వెళ్లేది. “ఇక్కడ మన బియ్యం ఎవరు తింటారమ్మా?” అని అడిగితే, “ఆకలికి దేశమేంది బిడ్డా?” అంది.

చర్చిలో ప్రభువు రాత్రి భోజన సంస్కారపు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేసేటప్పుడు మనల్ని ఆ గదిలోకి రానిచ్చేది కాదు.

ఇంతే. ఫ్లైట్స్ సంగతి నీకు ముందే చెప్పాను. తండ్రీకొడుకులు జగదీష్, నీల్ నిన్ను అడిగామని చెప్పమన్నారు.

హెప్సి


ఫార్మింగ్టన్ హిల్స్
మార్చి 17, 2025

హెప్సీబా,

నువ్వు పంపిన మూడూ రాసుకున్నాను. పిండిలో అక్షరాల సంగతి నాకు తెలియదు, ఆ వేళకి నేను లైబ్రరీలో చదువుకుంటూ ఉండేదాన్ని.

నేను ఇంతవరకు రాసింది ఇది. సువార్తమ్మ, 1933లో వికారాబాద్ దగ్గర పుట్టింది. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్. బోర్డింగ్ స్కూల్లో ఎనిమిదో తరగతి వరకు చదువు, కుట్టుపని, పాటలు. యాభై ఆరులో దేవసహాయంతో పెళ్లి. డెబ్బై ఒకటిలో ఆయన ఇక్కడ కార్ల కంపెనీలో చేరాడు. డెబ్బై మూడు నవంబర్‌లో ఇద్దరు ఆడపిల్లలతో, కాళ్లకు చెప్పులతో, డెట్రాయిట్‌లో దిగింది. మొదటి ఆదివారమే మెథడిస్టు చర్చి ఎక్కడుందని అడిగింది. నాన్న ఇంకా ఇల్లే సరిగ్గా చూసుకోలేదు.

ఉద్యోగం ఎప్పుడూ చేయలేదు. ఫారాల్లో వృత్తి అన్నచోట హోంమేకర్ అని నేనే నింపేదాన్ని. దానికి అర్థమేంటని ఒకసారి అడిగింది. ఇల్లు తయారుచేసే మనిషి అని చెప్పాను. “తయారైపోయిందా, ఇంక ఉందా?” అని నవ్వింది.

ఇక్కడి దాకా రాసి ఆగాను. తొంభై అయిదులో నువ్వు హిందువుల అబ్బాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నావు. నీ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని నాన్న అన్నాడు. నాన్న పోయేవరకు, పద్నాలుగేళ్లు, అమ్మ నా ముందు గానీ ఆయన ముందు గానీ ఎత్తలేదు. కాగితంలో భర్త మాట జవదాటలేదని రాసింది ఇదంతా మనసులో ఉంచుకునే. ఆ తర్వాత నువ్వు ఏడాదికోసారి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లేదానివి. అమ్మతో మాట్లాడేదానివి, నాతో మర్యాదగా ఉండేదానివి. ఇవన్నీ చర్చిలో చెప్పేవి కావులే.

ఇంకొకటి. మీనా ఆంటీ మనవరాలు అవని ఆ శనివారం ఉదయమే మీ ఊరి పక్కనున్న రాలీ నుంచి వచ్చింది. ఫ్లైట్ పావుగంట ముందే దిగిందట. నిన్ను నిలదీయాలని కాదు. రావాలనిపించలేదని చెప్పినా నాకు సరిపోయేది. అబద్ధం ఎందుకు?

దయామణి


క్యారీ
ఏప్రిల్ 11, 2025

దయక్కా,

నేను ఫ్లైట్ టికెట్ కొననే లేదు. కారులో వచ్చాను.

శుక్రవారం ఉదయం బయల్దేరాను. జగదీష్ తనూ వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. అక్కడ ఆయనతో ఎవరు ఎలా ఉంటారో నాకు తెలియదు. ఒహాయోలో ఒక మోటెల్‌లో ఆగి, శనివారం తొమ్మిదింటికల్లా టొలీడో దగ్గర రెస్ట్ ఏరియాకి చేరాను. ఇంకో గంట డ్రైవ్. కార్యక్రమం పదకొండింటికి. వేళ మళ్లీ సరిచూసుకుందామని చర్చి వెబ్‌సైట్ తెరిస్తే నీ కాగితం కనబడింది. కారులోనే చదివాను.

“ఆమె ఒంటరిగా మిషిగన్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. భర్త మాట ఒక్కసారి కూడా జవదాటలేదు.”

కాఫీ చల్లారిపోయింది. పదకొండైంది. ఆ వాక్యం ఇప్పుడు చదువుతుంటారు అనుకున్నాను. పన్నెండింటికి కారు దక్షిణం వైపు తిప్పాను. అక్కడికి వస్తే నేను లేచి నిలబడి అది తప్పని చెప్పాలి, లేదంటే నోరు మూసుకుని కూర్చోవాలి. రెండూ నా వల్ల కావు. అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఇరవై అయిదేళ్లుగా అది నిలబెట్టుకున్నాను. ఇప్పుడు నాన్న లేడు, అమ్మా లేదు. ఇంకా ఎవరికోసం దాచాలో తెలియడం లేదు. అందుకని నీకు చెప్తున్నాను.

నీల్ కంటే ముందు మాకు ఒక పాప. తొంభై తొమ్మిది అక్టోబర్‌లో, ఎనిమిదో నెల నిండాక, కడుపులోనే గుండె ఆగింది. అయినా కనాల్సి వచ్చింది. ఇది నీకు తెలియదు, మేం ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు జగదీష్ నాకు చెప్పకుండా ఇంటికి ఫోన్ చేశాడు. నాన్న ఎత్తితే పెట్టేద్దామనుకున్నాడట. అమ్మ ఎత్తింది. ఇతను రెండు ముక్కల్లో చెప్పాడు. అమ్మ వెంటనే, “అడ్రస్ చెప్పండి బాబూ, నెమ్మదిగా” అంది.

మూడో రోజు రాలీ బస్టాండు నుంచి ఫోన్.

అరవై ఆరేళ్ల మనిషి, ఏనాడూ ఒంటరిగా కిరాణా కొట్టుకైనా వెళ్లని మనిషి, రెండుచోట్ల బస్సు మారి ఇరవై రెండు గంటలు కూర్చుని వచ్చింది. దారిలో వచ్చే ఊళ్ల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్న కాగితం చేతిలో ఉంది. ఒక్కో ఊరు దాటగానే పెన్సిల్‌తో కొట్టేసింది. మీ సంఘం డొరొతీ ఆవిడ కారులో తీసుకెళ్లి బస్సెక్కించిందట.

నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. అమ్మ చీర వాసన తెలిసింది కానీ తిరగలేదు. “లే బిడ్డా, తలకు పోసుకుందువుగాని” అంది. నాలుగేళ్ల తర్వాత అమ్మ నాతో అన్న మొదటి మాట అదే.

పాలు పడ్డాయక్కా. పాప లేదని ఒంటికి తెలియదు కదా. అమ్మ తన పాత నూలు చీర చింపి గుండెల మీద గట్టిగా కట్టింది. పూటపూటకీ విప్పి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ కట్టింది. ఎందుకిలా జరిగిందని అడగలేదు. దేవుని చిత్తం అనలేదు. మెంతి కారం వేసి చారు పెట్టింది. నా ముందు గట్టిగా ప్రార్థన కూడా చేయలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని చేసుకునేది. నీళ్ల చప్పుడు కింద గొంతు వినిపించేది.

అమ్మ వస్తోందని జగదీష్ హాల్లో ఉన్న వినాయకుడి పటం తీసి చలికోట్లు పెట్టే అల్మారాలో దాచాడు. రెండో రోజు అమ్మకి అది కనబడింది. కొంగుతో దుమ్ము తుడిచి, తెచ్చి మళ్లీ ఆ మేకుకే తగిలించింది. జగదీష్ కంగారుపడి ఏదో చెప్పబోయాడు. “మీ ఇల్లు అల్లుడుగారూ. మీ ఇంట్లో మీరు దాచుకునుడేంది?” అంది. ఆయన వంటగదిలోకి వెళ్లిపోయి చాలాసేపు రాలేదు. అల్లుడు అని ఆయన్ని పిలిచిన మనిషి మా పెళ్లయ్యాక ఆవిడే మొదలు.

పదో రోజు పాపను పెట్టినచోటు చూపించమంది. ముగ్గురం వెళ్లాం. రాలిన ఆకులు చేత్తో తీసింది. వంగడం కష్టమైతే మోకాళ్లమీద కూర్చుని తీసింది.

పదకొండో రోజు బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని, “మీ నాయినకు అబద్ధం చెప్పి వచ్చిన. అది దేవుని దగ్గర నేను చూసుకుంట. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు. ఆయన చిన్నబోతడు” అంది.

అంతే సంగతి. నువ్వు రాసినదాన్ని తప్పుపట్టడం లేదు. నీకు తెలిసింది నువ్వు రాశావు. అమ్మ ఆయన మాట దాటింది. నాకోసం దాటింది. అది ఆ కాగితంలో లేదు, అందుకే అక్కడిదాకా రాలేకపోయాను.

హెప్సి


ఫార్మింగ్టన్ హిల్స్
జూన్ 8, 2025

హెప్సీకి, జగదీష్ గారికి,

మే నెలంతా నీ ఉత్తరం భోజనాల బల్ల మీదే ఉంది. దాన్ని అటు జరిపి తిన్నాను, ఇటు జరిపి తిన్నాను.

పాపకు పేరు పెట్టారా? అడగొచ్చో లేదో తెలియదు. అడిగాను.

ఆ అక్టోబర్ నాకు బాగా గుర్తుంది. గ్రాండ్ రాపిడ్స్‌లో స్త్రీల సమాజపు సోదరి ఒకరు మంచానపడ్డారని, తను వెళ్లి చూసుకోవాలని అమ్మ చెప్పింది. పొద్దున ల్యాబ్‌కి వెళ్తూ చర్చి పార్కింగ్‌లో ఆమెను దింపింది నేనే. డొరొతీ కారు ఆగి ఉంది. చిన్న పెట్టె, స్వెటర్, ఉప్మా డబ్బా. పన్నెండు రోజులు నాన్నకు నేనే వండిపెట్టాను.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఆరో రోజు సాయంత్రం నాన్న డొరొతీకి ఫోన్ చేశాడు. అమ్మ ఉన్నచోట నంబర్ అడుగుదామని. ఆవిడ ఏం చెప్పిందో తెలియదు, పాపం అబద్ధాలకి అలవాటు లేని మనిషి. నాన్న “ఓకే, ఓకే, థాంక్యూ” అని పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. టీవీ కూడా పెట్టుకోలేదు. అన్నానికి పిలిస్తే వచ్చి తిన్నాడు. నంబర్ దొరికిందా అని అడిగాను. అవసరం లేదన్నాడు.

అమ్మ వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కాళ్లు వాచిపోయాయి. నాన్న పేపర్ మడిచి పెట్టి, అమ్మ మొహం చూడకుండా అడిగాడు.

“ఆమెకు ఎట్లుంది?”

“లేచి తిరుగుతుంది.”

“తింటుందా?”

“ఇప్పుడిప్పుడే తింటుంది.”

“సరే.”

గ్రాండ్ రాపిడ్స్ ముసలావిడ గురించి అనుకున్నాను. ఇరవై అయిదేళ్లు అలాగే అనుకున్నాను. నాన్నకు తెలుసు హెప్సీ. తెలిసి, అంతకన్నా అడగలేక ఆగిపోయాడు. మరి తర్వాత పదేళ్లు ఆ తలుపు ఎందుకు తీయలేదో నేను చెప్పలేను. బహుశా ఆయనా చెప్పలేకపోయేవాడు.

ఇక నా సంగతి. ఒంటరిగా మిషిగన్ దాటలేదని నిజంగా నమ్మి రాశాను. రెండో వాక్యం నీకు తగలాలని రాశాను. తగిలింది.

ఇంకా ఉంది. ఇది రాయకుండా ఉత్తరం ముగిద్దామని మూడుసార్లు కూర్చున్నాను. జనవరి ఎనిమిది, బుధవారం, అమ్మ నిన్ను అడిగింది. నర్సు నాలుగైదు రోజులకన్నా ఎక్కువ ఉండదని ఆ పొద్దునే చెప్పింది. నేను నీకు ఫోన్ చేయలేదు. గురువారం చేయలేదు. శుక్ర, శనివారాలు చేయలేదు. ఆదివారం అమ్మ పోయాక చేశాను. అకస్మాత్తుగా జరిగిందని నీతో చెప్పాను. అకస్మాత్తుగా కాదు.

పదహారేళ్లుగా నేను పక్కన ఉన్నాను. తల దువ్వాను, డైపర్లు మార్చాను. పెళ్లి చేసుకోలేదు, అది వేరే సంగతి, దానికి అమ్మ కారణం కాదు. కానీ ఆ మంచం పక్కన నేను కూర్చుని ఉంటే ఆమె నిన్ను అడిగింది. రేపు చేద్దాం అనుకున్నాను. అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

దయామణి


క్యారీ
జూన్ 27, 2025

అక్కకు,

ఉత్తరం అందింది. నాన్న అడిగిన మాటలు జగదీష్‌కు చదివి వినిపించాను. తర్వాతి పేజీ వినిపించలేదు.

పాప పేరు ప్రణీత.

కొంతకాలం రాయకు.

హెప్సీబా


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 3, 2025

హెప్సీ,

కొంతకాలం అంటే ఎంతో నువ్వు చెప్పలేదు. నాలుగు నెలలు ఆగాను. దీన్ని చదవకుండా పక్కన పెట్టినా సరే. నిన్న జరిగింది నీకు చెప్పడం నా బాధ్యత.

నిన్న పరిశుద్ధుల ఆదివారం. ఈ ఏడాది మా సంఘంలో తొమ్మిది మంది. అమ్మ వంతు వచ్చినప్పుడు లేచాను. రాసుకున్న కాగితం చేతిలో ఉంది కానీ చూడలేదు. జనవరిలో మీకు పంచిన కాగితంలో ఒక తప్పు ఉంది, సరిచేయాలి అన్నాను. మా అమ్మ భర్త మాట ఒకసారి దాటింది, ఆయనకు అబద్ధం చెప్పింది, మన స్త్రీల సమాజం ఆ అబద్ధానికి సాయం చేసింది అన్నాను. నవ్వాలో వద్దో జనానికి తెలియలేదు. ఇరవై రెండు గంటల బస్సు చెప్పాను. ఊళ్ల పేర్ల కాగితం చెప్పాను. బిడ్డను పోగొట్టుకున్న బిడ్డ దగ్గరికి వెళ్లిందని చెప్పాను. మిగతావి నీవి, చెప్పలేదు. తొంభై ఒక్క ఏళ్లలో అమ్మ దేవునికి చేసిన సేవలన్నీ ఈ హాల్లో మీరు చూశారు, ఇది మాత్రం చూడలేదు అన్నాను. కూర్చున్నాను.

నిన్ను అడగకుండా ఒక పని చేశాను. ముందురోజు పాస్టర్ లిండా దగ్గరికి వెళ్లి ఇంకో పేరు చేర్చొచ్చా అని అడిగాను. పోయి ఏడాది దాటినవాళ్ల పేర్లు మామూలుగా చదవరు. ఆమె సంవత్సరం అడగలేదు, స్పెల్లింగ్ అడిగింది. అమ్మ పేరు, గంట. తర్వాత ప్రణీత పేరు, గంట. లిండా సరిగ్గానే పలికింది. ఇంట్లో అద్దం ముందు పది సార్లు ప్రాక్టీస్ చేశానని తర్వాత చెప్పింది.

ఇది తప్పయితే అదీ నా లెక్కలో వేసుకో.

తర్వాత కింద హాల్లో డొరొతీ కూతురు వచ్చింది. ఆ రోజు వాళ్లమ్మ బస్సు కదిలేదాకానే కాదు, కదిలాక కూడా గంటసేపు అక్కడే కూర్చుందట. సువార్త భయపడి దిగి వెనక్కి వస్తే తను ఉండాలి కదా అని.

దయ


క్యారీ
నవంబర్ 14, 2025

అక్కా,

చదివాను. జగదీష్‌కూ చదివాను, ఈసారి అన్ని పేజీలూ, జూన్ ఉత్తరంలో ఆపిన పేజీ కూడా. ఆయన లేచి నీల్‌కి ఫోన్ చేసి వాడికో అక్క ఉండేదని చెప్పాడు. ఇన్నాళ్లూ మేం వాడికీ చెప్పలేదు.

పేరు చదివించినందుకు నిన్ను ఏమీ అనను. బయటివాళ్ల నోట ఆ పేరు ఇంతవరకు ఎప్పుడూ రాలేదు.

క్షమించానని రాద్దామని చూశాను. అబద్ధంగా ఉంది. క్షమించలేదని రాస్తే అదీ అబద్ధంగానే ఉంది. ఆఫీస్‌కి వెళ్తున్నాను, మీటింగ్‌లలో మాట్లాడుతున్నాను, వంట చేస్తున్నాను. లోపల ఏమీ కదలడం లేదు. పోయినసారి కూడా ఇంతే, అప్పుడు అమ్మ వచ్చి లేపింది.

నాకు ఒకటి కావాలి. ఆ నాలుగు రోజులు నావి. అవి నాకు రాసి పంపు. ఏం తిన్నది, ఏ పక్కకు తిరిగి పడుకుంది, నన్ను అడిగినప్పుడు ఏ మాటలతో అడిగింది, ఆ మాటలే రాయి. నన్ను ఓదార్చడానికి ఏమీ కలపకు. నిన్ను కాపాడుకోవడానికి ఏమీ తీసేయకు.

హెప్సి


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 22, 2025

హెప్సీ,

రాస్తున్నాను.

బుధవారం. పొద్దున సగ్గుబియ్యం జావ మూడు చెంచాలు తాగింది. నాలుగోది పక్కకు కారిపోయింది. కిటికీ వైపు తిరిగి పడుకుంది. బయట మంచు తీసే బండి తిరుగుతోంది. పదకొండు ప్రాంతంలో “చిన్నది వస్తదా?” అంది. రోడ్లు బాగాలేవమ్మా అన్నాను. రోడ్లు బాగానే ఉన్నాయి. “ఆఁ” అని కళ్లు మూసుకుంది.

గురువారం. జావ వద్దంది. నీళ్లలో ముంచిన స్పాంజి పుల్లతో పెదాలు తడిపాను. నర్సు వచ్చి మందు పెంచింది. ఆవిడ వెళ్లాక “ఫోన్ చేసినవా?” అని అడిగింది. చేశాను అన్నాను. “ఏమన్నది?” అంది. వస్తానంది అన్నాను. అప్పుడు మొహం ఎలా అయిందో నీకు రాయాలి కాబట్టి రాస్తున్నాను. తేటపడింది. జడ వేయమంది. వేశాను. వెంట్రుకలు ఏమీ లేవు, రిబ్బన్‌తో కలిపి వేశాను.

శుక్రవారం. నిన్ను అడగలేదు. రోజంతా గుమ్మం వైపు తిరిగి పడుకుంది. గోడవైపు తిప్పితే మళ్లీ ఇటే తిరిగింది. ఒకసారి ఏదో కీర్తన రాగం తీసింది, మాటలు లేవు. మీనా ఆంటీ వచ్చి కూర్చుంది. హెప్సి ఎప్పుడు వస్తోందని నన్ను అడిగింది. పొద్దున లేవగానే చేస్తాను అనుకున్నాను. ఫోన్ నా పక్కనే ఉంది.

శనివారం. ఊపిరి మారింది. మధ్యాహ్నం రెండింటికి పాదాలు తుడుస్తుంటే కళ్లు తెరిచి నన్నే చూసి, “హెప్సీ” అంది.

ఆ ఒక్క క్షణంలో కాదమ్మా, నేను దయను అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. “ఆఁ అమ్మా” అన్నాను.

“ఎప్పుడొచ్చినవ్?”

“ఇప్పుడే.”

చెయ్యి చాపింది. పక్కన కూర్చున్నాను. నా చేతిని తన గుండె మీదికి లాక్కుంది. నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు చాలా మెల్లగా, ఎవరో పక్కగదిలో వింటారన్నట్టు చెప్పింది.

“అక్కను చూసుకో బిడ్డా. దానికి ఏడ్వరాదు. గట్టిది, గట్టిది అని అందరం దాని మీదనే పెట్టినం.”

నేను నీ గొంతుతో “సరే అమ్మా” అన్నాను.

తర్వాత అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఆదివారం పది నలభైకి పోయింది. చర్చిలో అందరూ ఆరాధనలో ఉండే వేళ. ఎడమవైపు తిరిగి, కాళ్లు కొంచెం ముడుచుకుని ఉంది.

ఆ మాట అమ్మ నీకు చెప్పిన మాట హెప్సీ. నాది కాదు. పది నెలలుగా నా దగ్గర ఉంచుకున్నాను. నీది నీకు పంపుతున్నాను.

అక్క